ఎట్టి మార్పులూ ఉండవు

కిందటి కార్తీకం చివరి నుంచి మహాశివరాత్రి వరకు మా ఇంట్లో ఒక ఒప్పందం అమలులో ఉండేది. తెల్ల కాగితం మీద నా చేతివ్రాతతో మూడు షరతులు వ్రాసి, కింద నేనూ మా అమ్మాయి హరిప్రియా సంతకాలు చేసి, సాక్షిగా మా శ్రీమతి మంగాదేవి చేత కూడా సంతకం చేయించాము. తండ్రీకూతుళ్ళ మధ్య కాగితమేమిటని మంగాదేవి కలం మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసి చాలాసేపు తటపటాయించింది. నేను చలించలేదు. టెక్కలిలో ముప్పై నాలుగేళ్ళు ఇంగ్లీషు బోధించినవాడిని. నోటిమాట గాలికి పోతుంది, వ్రాసిన వాక్యం నిలుస్తుంది అన్నది నా విశ్వాసం.

విషయం ఇది. హరిప్రియ విశాఖపట్నంలో ఒక ట్రావెల్స్ కార్యాలయంలో ఆరేళ్ళు పనిచేసి, ఒక ఉదయం సూట్‌కేసుతో కాశీబుగ్గలో మా ఇంటి ముందు దిగింది. ఇకమీద తానే సొంతంగా, కొబ్బరి, జీడితోటల మా ఉద్దానం చూపించే యాత్రలు నడుపుతానని చెప్పింది. ఉద్దానంలో పై ఊళ్ళవాళ్ళు వచ్చి చూడవలసినది ఏమున్నదని నేనడిగాను.

"మీరు డెబ్భై ఏళ్ళుగా చూస్తున్నారు కదా నాన్నగారూ, అందుకే మీకు కనబడదు" అన్నది.

ఒప్పందం ప్రకారం శివరాత్రి నాటికి, ఒకసారి వచ్చి వెళ్ళినవారు చెప్పగా విని మరొక బృందం తనంత తాను రావాలి. రాకపోతే హరిప్రియ విశాఖపట్నం తిరిగి వెళ్ళి, పాత కార్యాలయం వారు ఆమె కోసం ఖాళీగా ఉంచిన కుర్చీలో కూర్చోవాలి. వస్తే, నేను ఆ కుర్చీ ప్రస్తావన జన్మలో తీసుకురాకూడదు.

ఇంతవరకు నేను న్యాయమూర్తిని మాత్రమే. అయితే ఆమె తయారుచేసిన కార్యక్రమ పత్రం చూసిన తరువాత ఊరుకోలేకపోయాను. "ఉదయం: సముద్రతీరం. మధ్యాహ్నం: భోజనం, పక్షులు" అని వ్రాసింది. భోజనానికి పక్షులను వడ్డిస్తారని ఎవరైనా పొరబడే ప్రమాదం ఉన్నది. ఎర్ర కలం తీసుకుని మూడు రోజుల కార్యక్రమాన్ని గంటలతోను, నిమిషాలతోను తిరిగి వ్రాశాను. ఆ పత్రం అడుగున ఆమె ఒక వాక్యం పెట్టింది: "పరిస్థితులను బట్టి కార్యక్రమంలోను, బసలోను మార్పులు ఉండవచ్చు." దాన్ని అడ్డంగా కొట్టివేశాను.

"నాన్నగారూ, ఆ ఒక్క వాక్యం ఉండనివ్వండి. అన్ని ట్రావెల్స్ వాళ్ళూ పెట్టేదే" అన్నది హరిప్రియ.

"అందుకే మనం పెట్టము. అది బద్ధకస్తుల గొడుగు."

"మొగలిపేట సముద్రం మీరు రాసింది చదవదు."

"మన అతిథులు చదువుతారు" అన్నాను. ఆ స్థానంలో ఇలా వ్రాశాను: "ఈ కార్యక్రమంలో గాని, బసలో గాని, ఎట్టి పరిస్థితులలోనూ ఎట్టి మార్పులూ ఉండవు." అది అచ్చయి వచ్చిన రోజున ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి రెండుసార్లు చదువుకున్నాను. ఎంత నిటారుగా నిలబడ్డ వాక్యం అనుకున్నాను.

మార్గశిరంలో మొదటి బృందం వచ్చింది. రాజమహేంద్రవరంలో పొద్దుటి నడకకు వెళ్ళే ఒక సంఘంవారు, నాలుగు జంటలు. వారికి నాయకుడు తిరుమలరావుగారు. బస్సు డిపోలో కంట్రోలరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పలాస స్టేషనులో దిగగానే నమస్కారం చేయకముందే గడియారం చూసుకున్నారు. చేతిలో మా కార్యక్రమ పత్రం, చెవి మీద పెన్సిలు.

"తొమ్మిదీ పదికి వాహనం అని ఉందండి. ఇప్పుడు తొమ్మిదీ పదమూడు."

మా వ్యాను నడిపే అప్పలరాజు తల గోక్కున్నాడు. నాకు మాత్రం ఎంతో ఆనందం కలిగింది. పత్రంలోని ప్రతి పంక్తినీ చదివిన మనిషి ఈ భూమి మీద ఒకరున్నారు. తిరుమలరావుగారు ఆ పంక్తి పక్కన పెన్సిలుతో ఒక టిక్కు పెట్టి, దాని పక్కన 'మూడు ని.' అని వ్రాసుకున్నారు.

హరిప్రియ నా చెవి దగ్గరకు వచ్చి, "వీళ్ళ సంఘంలో ఇంకా అరవైమంది ఉన్నారు నాన్నగారూ. ఈయన అవునంటే వాళ్ళందరూ వస్తారు. కాదంటే ఒక్కరూ రారు" అన్నది. ఆమె ముఖంలో ఎప్పుడూ చూడని బెదురు చూశాను. మూడవ తరగతిలో ఎక్కాలు అప్పజెప్పేటప్పుడు కూడా ఆ పిల్ల బెదరలేదు.

మొదటి రోజు అక్షరం పొల్లుపోకుండా జరిగింది. కాశీబుగ్గ లాడ్జిలో గదులు, స్నానాలు, జీడిపప్పు బట్టీ, భోజనం, మధ్యాహ్నం రావివలస. వ్యాఖ్యాతను నేనే. ఎండల మల్లికార్జునుడి ముందు నిలబడి, ఆకాశం కింద అంత పెద్ద లింగం పైకప్పు లేకుండా ఎందుకున్నదో వివరించాను. గుడి కట్టబోతే స్వామి వద్దన్నాడనీ, ఎండలోనూ వానలోనూ ఇలాగే ఉంటానన్నాడనీ ఈ ప్రాంతంవారు చెప్పుకుంటారని చెప్పాను. తిరుమలరావుగారి భార్య కమలకుమారిగారు చెంగు తల మీదికి లాక్కుని, "పాపం, ఆయనకి ఇదే నచ్చిందన్నమాట" అన్నారు. తిరుమలరావుగారు ఆరింటికి పదకొండు టిక్కులు పూర్తిచేశారు.

ఆరుంబావుకు లాడ్జి మేనేజరు నన్నూ హరిప్రియనూ పక్కకు పిలిచాడు.

"సార్, సిన్న ఇబ్బంది వచ్చిందండి. రేపు మద్దినేల నుంచి లాడ్జి మొత్తం పెళ్ళోళ్ళకి ఇచ్చేసినారు మా ఓనరుగారు. ఓనరుగారి బామ్మర్ది కూతురు పెళ్ళి. నానేటి సేసేది?"

"రెండు రాత్రులకు మాకు రాసిచ్చారు కదండీ" అన్నది హరిప్రియ.

"రాసిందే మేడమ్. రాయనేదని నానంటన్నానేటి?"

వ్రాసిన వాక్యాన్ని ఒప్పుకుంటూనే దాన్ని పక్కన పెట్టవచ్చునని నాకు అంతకుముందు తెలియదు. హరిప్రియ నిలబడిన చోటు నుంచే పలాసలోను, టెక్కలిలోను తెలిసిన లాడ్జిలన్నిటికీ ఫోను చేసింది. మంచి ముహూర్తాల రోజులు. ఎక్కడా సూది మోపే చోటు కూడా లేదు. ఆఖరి ఫోను పెట్టేసరికి ఆమెకే ఒక ఫోను వచ్చింది. మొగలిపేట నుంచి దాలయ్య. రెండవ రోజంతా మేము నమ్ముకున్నది అతన్నే. తెల్లవారుజామున తెప్పలు దింపడం, పెద్దవల లాగడం, అతని భార్య నీలవేణి వంట, అన్నీ అతని పూచీ. హరిప్రియ ఫోనులో మాట బయటికి వినబడేలా పెట్టింది.

"అమ్మా, రేపు యేట లేదు. వారం నుంచి వలలు కాలీగా వత్తన్నాయని ఊరు పెద్దలు కూకున్నారు. గంగమ్మోరికి పండగ ఒప్పేసుకున్నాం. ఇప్పుడే సాటింపు అయిపోనాది. రేపు పండగ, ఎల్లుండి తెల్లారి తొలివల."

"దాలయ్యా, నేను మాస్టారిని" అన్నాను. "ఈ విషయం ముందుగా తెలియజేయవలసినది కాదా?"

"మాట్టారూ, మాకు తెలిత్తే కదా మీకు తెలియజేసేది. అమ్మోరి పండగ కేలండర్లో ఉంటాదేటి?"

"సరే. రేపు మధ్యాహ్నం భోజనానికి వచ్చి సాయంత్రం వెళ్ళిపోతాము."

"అది కుదరదు బాబూ. సాటింపు అయినాక ఊల్లోకొచ్చిన సుట్టం తొలివల లాగేదాకా పొలిమేర దాటకూడదు. మా ఊరి కట్టుబాటు. వత్తే ఉండిపోవాల. లేపోతే ఈ తడవ ఒగ్గేయండి."

"ఉండడానికి గదులెక్కడివి?"

"తుపాను సెల్టరు ఉంది కాదేటి. గాలివానకి ఊరంతా పట్టిన బిల్డింగు, మీ ఎనిమిదిమందీ పట్టరా? పెద్దలతో నాను సెప్తాను, అడ్డుకొట్టరు. సాపలు మాయి."

నేను ఆ రోజు దాకా చేసిన తప్పులను లెక్కపెట్టవలసి వస్తే ఒక చేతి వేళ్ళు చాలుననుకునేవాడిని. లాడ్జి ముందు గదిలో సోఫాల మీద కూర్చుని టీ తాగుతున్న ఆ ఎనిమిదిమంది దగ్గరకు నడిచేసరికి, ఆ వేళ్ళన్నీ ఒకే తప్పు వైపు చూపిస్తున్నాయి.

హరిప్రియ ఉన్నది ఉన్నట్టు చెప్పింది. తిరుమలరావుగారు టీకప్పు కింద పెట్టి, పత్రం మడత విప్పి, అద్దాలు సర్దుకుని, చివరి పంక్తిని పైకి చదివారు. నా వాక్యాన్ని నేను ఎన్నిసార్లో చదువుకున్నాను గాని, మరొకరి నోట వినడం అదే మొదటిసారి.

"'బసలో గాని' అని కూడా రాశారండి, 'ఎట్టి' అని రెండుసార్లు రాశారు" అన్నారాయన. "మార్పులుండచ్చని రాస్తే నేను అడిగేవాడిని కాదు. అసలు అలా రాసినవాళ్ళ దగ్గరకి నేను రాను. అందుకే ఇంతమందిలో మిమ్మల్ని ఎంచుకున్నాను. రేపు పొద్దుటి బండికి మమ్మల్ని ఎక్కించేయండి. మా సంఘంలో వాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలుసు."

"పొరపాటు నాదేనండి" అన్నది హరిప్రియ. "యాత్ర నాది. నేనే ముందు ఆలోచించి ఉండవలసింది."

ఆమె ఒక్కమాట కూడా నావైపు తిప్పలేదు. నావైపు చూడను కూడా లేదు. మౌనంగా ఉంటే ఆ సాయంత్రంతో ఒప్పందం నా పక్షాన నెరవేరిపోయేది.

"అమ్మాయి ఆ వాక్యం వ్రాయలేదు" అన్నాను. "మార్పులు ఉండవచ్చునని వ్రాసింది. దాన్ని కొట్టివేసి ఇది వ్రాసినది నేను. సముద్రానికి దగ్గరలో పుట్టినవాడు వ్రాయకూడని వాక్యం. క్షమించండి."

నా జీవితంలో పది మంది ఎదుట ఆ చివరి మాట ఎన్నిసార్లు అన్నానో గుర్తుకు రాలేదు. ఎర్ర కలం జేబులోనే ఉన్నది. తిరుమలరావుగారి చేతిలోని పత్రం అడిగి తీసుకుని, ఆ పంక్తిని అడ్డంగా కొట్టివేసి, పక్కన సంతకం చేసి, తేదీ వేసి తిరిగి ఇచ్చాను.

ఆయన ఆ సంతకాన్నీ తేదీనీ సరిచూసుకున్నారు. ఈలోపల కమలకుమారిగారు టీకప్పు ట్రేలో పెట్టి, "మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ దేవుణ్ణి చూసొచ్చాం కదండీ" అన్నారు. "ఆయన గది వద్దన్నాడు, దణ్ణం పెట్టాం. మనకి గది లేకపోతే బండెక్కేస్తామా? పండగని పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళకుండా తిరిగిపోయానని నేనెవరికీ చెప్పుకోలేను. నేను మొగలిపేట వెళ్తాను. మీరు కావాలంటే బండెక్కండి."

"నేనొక్కణ్ణీనా?"

"టిక్కులు పెట్టుకుంటూ వెళ్ళండి."

మిగిలిన ఆరుగురూ నవ్వారు. చేతులెత్తమంటే ఏడు చేతులు లేచాయి. తిరుమలరావుగారు పత్రం మడిచి జేబులో పెట్టుకుని, "వ్యాను ఎన్నింటికి?" అని మాత్రం అడిగారు.

మర్నాడు ఉదయం వ్యాను మా ఇంటి ముందు ఆగేసరికి మంగాదేవి రెండు గిన్నెలు, ఒక కుక్కరు, పోపులపెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నది.

"ఎక్కడికి?" అన్నాను.

"మొగలిపేటకి. అమ్మవారి పండగలో శాకాహారం ఎవరు వండుతారు మీకు?"

"కార్యక్రమంలో నీ పేరు లేదు."

"కార్యక్రమమే లేదు కదండీ ఇప్పుడు" అని ముందు సీట్లో అప్పలరాజు పక్కన కూర్చున్నది. నలభై ఏడేళ్ళ కాపురంలో నన్ను అడగకుండా ఆమె వాహనం ఎక్కడం నేను చూడలేదు. అప్పలరాజు అద్దంలో నన్ను చూసి, ముఖం పక్కకు తిప్పుకుని నవ్వుకున్నాడు.

పక్షులను ముందుకు జరిపి ఉదయమే తేలినీలాపురం చూశాము. పూండి దాటి, కొబ్బరితోటల మధ్య నుంచి, ఇసుక మొదలైన చోట వ్యాను ఆపి, పదకొండింటికి మొగలిపేటలో నడిచి అడుగుపెట్టాము. ఊరి మొదట్లోనే నీలవేణి పసుపునీళ్ళ చెంబుతో ఎదురువచ్చి అందరి కాళ్ళ మీదా పోసింది. తిరుమలరావుగారు బూట్లు విప్పడానికి వంగబోయేలోపలే నీళ్ళు పడ్డాయి.

"సాక్సు తడిసిపోయాయి" అన్నారాయన.

"ఆరిపోతాయి బాబూ. రేపటిదాకా ఎక్కడికెల్తావు నువ్వు?" అన్నది నీలవేణి.

మంగాదేవి వస్తున్నదని హరిప్రియ ముందే ఫోను చేయగా, నీలవేణి తన వాకిట్లో ఒక మూల అలికి, మూడు రాళ్ళు పెట్టి ఉంచింది. "కొత్త కుండమ్మా. సేప ముట్టనిది. నీళ్ళు కూడా ఏరే బిందెలో తెచ్చినాను. నీకేటి కావాలో సెప్పు, ముట్టుకోకుండా ఇత్తాను."

"ముట్టుకుంటే ఏమవుతుంది నీలవేణీ? ఆ వంకాయలు ఇలా పట్టుకొచ్చి తరుగు" అన్నది మంగాదేవి. నేను అరుగు మీద కూర్చుని విన్నాను. మా వంటింట్లోకి స్నానం చేయకుండా నన్ను కూడా రానివ్వని మనిషి ఆమె.

వంకాయలు తరుగుతూ నీలవేణి అన్నది: "ఈ గుంట కార్తీకం నుంచి నాలుగుమాట్లు వచ్చింది. మా ఇంటికాడ కూకుని, ఎవుళ్ళింట్లో ఎంతమంది, ఏ పొద్దున ఏ గాలి, అన్నీ రాసుకుంది. ఓపాలి జొరంతో వత్తే నానే కసాయం పట్టినాను. మాట్టారి కూతురని మాత్రం మొన్నటిదాకా సెప్పనేదు. ఏటి మాట్టారూ, మీకు తెల్దేటి?"

నాకు తెలియదు. కార్యక్రమంలో నేను నిమిషాలు సరిచేసిన ప్రతి పంక్తి వెనకా ఆ పిల్ల ఇసుకలో నడిచిన నడక ఉన్నదని నాకు తెలియదు.

మూడింటికి ఘటాలు బయలుదేరాయి. పసుపు రాసి, వేపమండలు చుట్టిన కుండలు తలల మీద పెట్టుకుని ఆడవాళ్ళు, ముందు డప్పులు, వెనుక ఊరంతా. వ్యాఖ్యాతగా నా బాధ్యత నాకు గుర్తుకువచ్చింది. అతిథులను ఒక పక్కన నిలబెట్టి, తీరప్రాంతంలో గంగమ్మ ఆరాధన గురించి మొదలుపెట్టాను. రెండవ వాక్యంలో ఉండగా దాలయ్య వచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

"మాట్టారూ, కాసేపు ఊరుకోండి. డప్పు ఇనిపించట్లేదు."

ఊరుకున్నాను. డప్పు వినిపించింది. కమలకుమారిగారు అప్పటికే కొంగు దోపుకుని ఘటాల వరసలో కలిసిపోయారు. కొంతసేపటికి ఆవిడ తల మీద కూడా ఒక కుండ ఎక్కింది. తిరుమలరావుగారు పెన్సిలు చెవి మీది నుంచి తీశారు, మళ్ళీ పెట్టారు. ఏ పంక్తి పక్కన టిక్కు పెట్టాలో ఆయనకు తోచలేదు.

సాయంకాలం తుపాను షెల్టరు మెట్లెక్కాము. స్తంభాల మీద నిలబెట్టిన పెద్ద హాలు, నాలుగు వైపులా కిటికీలు, ఏ కిటికీలోంచి చూసినా సముద్రమో సరుగుడు తోపులో. ఊళ్ళోవాళ్ళు తలా ఒక చాప, తలా ఒక దుప్పటి తెచ్చి వరుసగా పరిచారు. తిరుమలరావుగారు పత్రం తీశారు.

"ఇందులో అటాచ్డ్ బాత్‌రూమ్ అని ఉందండి."

"అటాచే బాబూ" అన్నది నీలవేణి దిండు దులుపుతూ. "మెట్లు దిగితే ఉంది."

ఆయన నవ్వు మొదటిసారి విన్నాను. చాలాకాలంగా షెడ్డులో ఉన్న బస్సు స్టార్టయినట్టు, రెండుమూడుసార్లు ఆగి, ఆపైన ఆగకుండా వచ్చింది.

తెల్లవారేసరికి ఊరంతా ఒడ్డున ఉన్నది. వేకువనే దాలయ్య తెప్ప మీద వల వేసి, ఆ కొస తాడును ఒడ్డుకు చేర్చాడు. ఈ కొసనొక తాడు, ఆ కొసనొక తాడు, మధ్యలో కడలి. తొలివలకు ఊళ్ళో ఉన్న ప్రతి మనిషీ చేయి వేయాలి. మమ్మల్ని ఉత్తరపు తాడుకు నిలబెట్టారు. నా ముందు తిరుమలరావుగారు, నా వెనుక మంగాదేవి, ఆమె వెనుక హరిప్రియ. పంచె మోకాళ్ళ పైకి కట్టి, నీళ్ళల్లో వట్టి కాళ్ళతో నిలబడ్డాను. నేను పుట్టిన ఊరికి ఈ సముద్రం తొమ్మిది మైళ్ళు. అందులో పాదం పెట్టి ఎన్నేళ్ళయిందో లెక్కకు రాలేదు.

తాడు బరువుగా ఉన్నది. తిరుమలరావుగారు అందరినీ ఒక క్రమంలో పెట్టాలని "ఒకటి, రెండు, మూడు, లాగు" అని మొదలుపెట్టారు.

"లెక్కెట్టకండి బాబూ" అని అవతలి నుంచి దాలయ్య కేక వేశాడు. "లెక్కెడితే సేప సిగ్గుపడతాది."

"మరి ఎప్పుడు లాగాలో ఎలా తెలుస్తుందయ్యా?"

"కెరటం సెప్తాది. అది ఇటొచ్చినప్పుడు లాగు, అటెల్లినప్పుడు పట్టుకో. అంతే."

అది అర్థం కావడానికి మాకిద్దరికీ పావుగంట పట్టింది. మొదట నేను లాగినప్పుడు ఆయన ఆగేవారు, ఆయన లాగినప్పుడు నేను ఆయన వీపుకు గుద్దుకునేవాడిని. "మీ ఇద్దరూ ఒక్క తాడుకి పనికిరారు" అని మంగాదేవి వెనకనుంచి అన్నది. తరువాత ఎప్పుడో, మేము ఆలోచించడం మానివేసిన తరువాత, తాడు దానంతట అది మా చేతుల్లోంచి వెనక్కి నడవసాగింది.

గంటకు పైగా పట్టింది. వల సంచీ ఒడ్డు దగ్గరకు వచ్చినప్పుడు ఊరంతా దాని వైపే చూసింది. వారం రోజులుగా ఆ సంచీ నాచుతోనూ, పీతలతోనూ వచ్చిందని అందరికీ తెలుసు. నీలవేణి తాడు వదలకుండా కళ్ళు మూసుకున్నది. ఎండ అప్పుడే వాలుగా పడుతున్నది. నీళ్ళు ఒక్కసారి వెనక్కి తగ్గి, సంచీ బయటపడి, వెండి గిన్నెలు పది వేలు ఒకేసారి దొర్లించినట్టు మెరిసింది. కవళ్ళు. మోకాలెత్తు కుప్పగా కవళ్ళ చేపలు.

ఎవరు ముందు అరిచారో తెలియదు. నేను కూడా అరిచానని మంగాదేవి ఇప్పటికీ అంటుంది. అది అరుపు కాదు, ఆశ్చర్యార్థకం అని నా వాదన.

తాడు పట్టిన ప్రతివారికీ వాటా. ఇసుక మీద కుప్పలు పెట్టారు. మాకు కూడా పెట్టారు. మేము ఈ వస్తువు తినమనీ, ఆ కుప్ప నీలవేణే తీసుకోవాలనీ చెప్పాను.

"వాటా ఎనక్కి తీసుకోం మాట్టారూ. అమ్మోరికి కోపమొత్తాది. పొలిమేర దాటినాక ఎవుళ్ళకిచ్చుకుంటారో మీ ఇట్టం" అన్నది. ఉత్తచేతులతో ఎలా తీసుకెళ్ళడమని నేను చూస్తుండగా, నా చొక్కా జేబులోంచి కార్యక్రమ పత్రం లాగి, పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది. ఆ పొట్లాన్ని చేయి బారచాచి పట్టుకుని పూండి దాకా ప్రయాణం చేశాను. అక్కడ అప్పలరాజుకు ఇచ్చాను.

"ఆదివారంపూట సేపలు నా సేతికిత్తన్నారు. మీరు దేవుడు సార్" అన్నాడు.

మధ్యాహ్నం పలాస ప్లాట్‌ఫారం మీద తిరుమలరావుగారు నన్ను పక్కకు తీసుకెళ్ళారు. ఆయన పత్రం నిండా పెన్సిలు గీతలు. జరగని ప్రతి పంక్తినీ కొట్టివేసి, జరిగినదాన్ని పక్కన వ్రాసి, ఒక్కొక్క మార్పు దగ్గరా తన పొడి అక్షరాలు వేశారు. పదకొండు మార్పులు.

"ఇక్కడ మీ సంతకాలు కూడా కావాలండి. రికార్డు సరిగ్గా ఉండాలి."

పదకొండు చోట్లా సంతకం చేశాను. ఆయన పత్రాన్ని ఊది, మడిచి, జేబులో పెట్టుకున్నారు.

"ముప్పై ఆరేళ్ళు టైంటేబుళ్ళు రాశానండి. ఉన్నదున్నట్టు నడిచిన రోజు ఒక్కటీ గుర్తులేదు. బస్సులు నడిచాయి, జనం ఇళ్ళకి చేరారు. ఇంట్లో ఈ సంగతి ఎప్పుడూ ఒప్పుకోలేదు." చెవి మీది పెన్సిలు తీసి నా చేతికి ఇచ్చారు. "మీ దగ్గర ఎర్ర కలం ఉంది. ఈ ఉద్యోగానికి ఇది కావాలి. జనవరిలో పదిహేనుమందిని పంపిస్తాను. ఆ షెల్టరు చెప్పి ఉంచండి. లాడ్జి అయితే మావాళ్ళు రారు."

హరిప్రియ బోగీ దగ్గర కమలకుమారిగారి సంచులు అందిస్తున్నది. ఆమెకు ఈ మాట నేనే చెప్పాలని, బండి కదిలేదాకా ఆగలేక, వేగంగా నడిచాను. పరుగెత్తానని అప్పలరాజు అంటాడు.

జనవరిలో పదిహేనుమంది వచ్చారు. వారు చెప్పగా భీమవరం నుంచి మరి పదిమంది. అప్పటికి పత్రంలో వంట మంగాదేవిగారు, నీలవేణిగారు అని వ్రాసి ఉండేది, ఎవరి పేరు ముందుండాలన్న తగవు మాత్రం తేలలేదు. శివరాత్రికి నాలుగో బృందంతో రావివలసలో ఉన్నాము. జాగారం జనంలో పన్నెండుమంది అతిథులను ఒకచోట నిలబెట్టడం, ఎండల మల్లన్న కథ చెప్పడం, తప్పిపోయిన ఒకాయనను కొబ్బరికాయల దుకాణం దగ్గర వెతికి పట్టుకోవడం. ఇంటికి చేరేసరికి మర్నాడు పొద్దెక్కింది.

కాఫీ తాగుతుండగా ఫోను మోగింది. హరిప్రియ స్నానానికి వెళ్ళింది. తీశాను. దాలయ్య.

"మాట్టారూ, ఒచ్చే ఆదివారం వల అన్నాం కదా. గాలి తిరిగిపోనాది. సోమారమో మంగళారమో, ఇప్పుడే సెప్పలేం."

"ఉండు, వ్రాసుకుంటాను" అన్నాను. చేతికి కాగితం దొరకలేదు. బల్ల మీది నిఘంటువులో ఒక తెల్ల కాగితం అంచు కనబడితే లాగాను. వెనుకవైపు ఖాళీగా ఉన్నది. తిప్పి చూస్తే మూడు షరతులు, మూడు సంతకాలు.

కాఫీ గ్లాసు తీయడానికి వచ్చిన మంగాదేవి నా భుజం మీదుగా అది చూసింది. "శివరాత్రి నిన్నటితో వెళ్ళిపోయిందండీ. సాక్షిని, నన్నెవరూ పిలవనే లేదు" అన్నది.

తారీఖు మరచిపోవడం నాకు అదే మొదలు.

"మాట్టారూ, ఉన్నారా?" అన్నాడు దాలయ్య.

"ఉన్నాను. సోమవారమో, మంగళవారమో. చెప్పు" అని కాగితాన్ని బోర్లించి, చెవి మీది పెన్సిలు తీసి వ్రాసుకున్నాను.